మినహాయింపుల జాబితా

సాలిగ్రామంలో రెండో అంతస్తు. డబ్బింగ్ గది బయట
చెప్పుల అర మీద ఒక నల్ల పెట్టె.
నాలుగు డిస్కులు, నాలుగు పచ్చ దీపాలు.
రాత్రి రెండింటికి, వీధికుక్కలు కూడా సర్దుకున్నాక,
నా కంప్యూటరు వెళ్ళి దానికి ముఖం చూపించుకుంటుంది.

అద్దమంటే అద్దమే.
ఇక్కడున్నది అక్కడ. ఇక్కడ తీసేస్తే అక్కడా లేదు.
జ్ఞాపకం అనుకునేరు, కాదు.
మీసం గొరిగేస్తే
పాత మీసాన్ని ఏ అద్దమూ దాచిపెట్టదు.

అన్నీ చూపించక్కర్లేదు కదా.
తాత్కాలిక ఫైళ్ళు,
సాఫ్ట్‌వేరు తనలో తాను గొణుక్కునే లాగులు,
అళగేశన్ సార్ దింపుకున్న క్రికెట్టు.
వీటికో జాబితా, వరసకొకటి,
పెళ్ళిపిలుపుల చీటీని తిరగేసి రాసినట్టు.

అది రాసింది నేను కాదు, నా ముందున్న దొరబాబు.
వెళ్ళిపోతూ మెట్ల మీద చెప్పాడు:
"పాతవన్నీ వదిలెయ్యమన్నానక్కా,
ఓల్డ్‌కి అటో చుక్క, ఇటో చుక్క."
ముందేమున్నా, వెనకేమున్నా,
నడుమ ఆ మాటుంటే దాని జోలికి పోవద్దని.

యంత్రానికి భాష రాదు. అక్షరాలే వచ్చు.
టీనగర్ నగల కొట్టు ప్రకటన, ఫోల్డరు పేరు గోల్డ్.
గోల్డ్‌లో ఓల్డ్ ఉంది.
మూడేళ్ళు ఎవరమూ చూడలేదు.

కత్తిరి ఎండల్లో ఏసీ చచ్చింది, వెంటే డిస్కూ.
రెండు రోజులు పెట్టెలోంచి తోడుకున్నాం.
సినిమాలొచ్చాయి, సీరియళ్ళొచ్చాయి,
పసుప్పొడి కూడా వచ్చింది.
బ్యాంకు వాళ్ళ హోల్డ్ సంగీతం రాలేదు
(హోల్డ్‌లోనూ ఉంది మరి).
అక్షయ తృతీయ ఇంకా నాలుగు రోజులు,
బంగారం పన్నెండు వెర్షన్లూ గల్లంతు.

ఒక్కటి తప్ప.
దొరబాబు ఆ వరస రాయకముందు
ఎప్పుడో ఒక రాత్రి అద్దంలో పడ్డది.
తర్వాత ఇక్కడ తీసేశారు. అక్కడ పోలేదు.
చూడొద్దన్నదాన్ని అద్దం చెరపనూ చెరపదు.
మినహాయించినవాటినీ తుడవమంటావా అని అడిగే గడి ఉంది,
దానికి టిక్కు పెట్టడం మర్చిపోయాడు మహానుభావుడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.
వకుళ గారు.
"తరుగు లేదు, మజూరీ లేదు" అనాలి.
"పరువు లేదు, మజూరీ లేదు" అన్నారు.
అని, మైకు మీదే పడి పడి నవ్వు.
అద్దాల అవతల సార్ "ఇన్నొరు టేక్" అంటుంటే
ఆయన గొంతులోనూ నవ్వే.
నలభై ఒక్క సెకన్లు.

ఆవిడిప్పుడు వడపళనిలో జాకెట్లు కుడుతున్నారు.
గొంతులో గడ్డ తీశాక మాట గాలి అయిపోయింది.
కొలతలు కూడా చీటీ మీద రాసి చూపిస్తారు.

ప్రకటన మళ్ళీ చేశాం, కొత్తమ్మాయితో.
తప్పు లేదు, తరుగు లేదు. కొట్టువాళ్ళు మెచ్చుకున్నారు.

నిన్న జాబితా ముందేసుకుని కూచున్నాను.
చుక్కలు తీసేశాను. వదలాల్సినవాటికి నిండుపేర్లు పెట్టాను.
ఉత్తుత్తి పరుగు ఒకటి పెట్టి చూశాను,
ఏమీ చెయ్యకుండా ఏం చెయ్యబోతుందో చెప్పే పరుగు.
కొత్తగా చేర్చేవి: రెండువేల చిల్లర.
తుడిచేవి: ఒకటి.

కంప్యూటర్లోకి తెచ్చుకోవచ్చు. తెస్తే
సార్ కంట పడుతుంది, చోటు లేదంటారు, తీసేస్తారు,
రాత్రి రెండింటికి అద్దంలోనూ ఖాళీ.
కాబట్టి ఇంకో వరస రాశాను,
ఆ ఒక్క ఫైలు, తోక దాకా నిండుపేరుతో.
వదిలెయ్యమనే రాశాను.

ఇంటికెళ్ళి నీళ్ళు పోసుకోబోతూ
నుదుటి బిళ్ళ తీసి అద్దం మూలన అంటించాను.
అక్కడ అప్పటికే మూడున్నాయి,
ఏ రోజువో.